నాలుగు గొంతుల్లో మీ గొంతు

చిల్లకూరు, కోట, వాకాడు వైపు ఏ చర్చికి వెళ్లినా పాడే పిల్లలకు కొదవ ఉండదు. డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్ బృందాలు రాత్రి పొద్దుపోయేదాకా ఇల్లిల్లూ తిరుగుతాయి. కీబోర్డు మీద ఒకడు, ప్యాడ్స్ మీద ఒకడు, మైకు పట్టుకుని పల్లవి ఎత్తుకునే అక్క ఒకరు, వెనక అందుకునే పిల్లలు పదిమందో పదిహేనుమందో. వీళ్లలో కొందరు ఇంటర్ అయ్యాక చదువు కోసం చెన్నై వెళ్తారు. గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే ఎంతసేపని, 140 కిలోమీటర్ల లోపే. అక్కడ కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపిస్తుంది. క్వయర్‌లోకి కొత్తవాళ్లను తీసుకుంటున్నారు, ఒక లాటిన్ భక్తిగీతం నాలుగు గొంతుల్లో పాడి వినిపించాలి, ఎవరి వరస వాళ్లు నేర్చుకుని రావాలి. బాగా పాడగలిగిన పిల్లలు కూడా ఆ కాగితం చదివి వెనక్కి తిరిగిపోతారు. లాటిన్ మనకేం వస్తుంది, ఆ సంగీతం మనకెక్కడ అబ్బుతుంది అని. ఈ అధ్యాయం వాళ్ల కోసం రాశాను.

ముందుగా ఒక మాట. ఆడిషన్‌కి వెళ్లేవాళ్లు తమ గొంతు గురించి దిగులుపడతారు. అవతల కూర్చున్నవాళ్లు మాత్రం మీ చెవి ఎంత పదునుగా ఉందోనని చూస్తారు. గొంతును రెండేళ్లలో తీర్చిదిద్దుకోవచ్చని వాళ్లకు తెలుసు. పక్కవాళ్లు పాడేది వినకుండా పాడే అలవాటు మాత్రం త్వరగా వదలదు. సోలో పోటీలో మీ గొంతు అందరికంటే పైకి వినిపిస్తే మెప్పు. క్వయర్‌లో అదే పని చేస్తే పక్కన నిలబడిన ముగ్గురి కష్టం వృథా. అందుకే కింద చెప్పబోయే సాధన అంతా చెవికే.

చెన్నైకి ఈ సంగీతం కొత్త కాదు. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893 నాటిది. ఇళయరాజా, ఎ.ఆర్. రహమాన్ ఇద్దరూ పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నది ఆ ఊళ్లోనే, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర. రహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీలోనూ క్వయర్ పాట పాఠాల్లో భాగం. చిల్లకూరు పిల్లలకు ఇది మూడు గంటల ప్రయాణం దూరంలో ఉంది. ఎక్కడో విదేశాల్లో ఉన్న విద్యలాగా దీన్ని చూడనక్కర్లేదు.

ఏ పాట ఎంచుకోవాలి

పాట ఎంచుకునే వీలు మీకే ఇస్తే మోజార్ట్ ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ తీసుకోండి. ఇంగ్లండులో విలియం బర్డ్ ఇదే పాఠానికి కట్టి 1605లో అచ్చువేయించిన వరస కూడా గొప్పదే, కానీ అందులో గొంతులు ఒకదాన్నొకటి వదిలి తిరుగుతాయి. కొత్తవాళ్లు దారి తప్పుతారు. మోజార్ట్ పాటలో నాలుగు గొంతులూ, అంటే పై నుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్, దాదాపు చివరిదాకా మాటలు కలిపి పలుకుతాయి. మొత్తం 46 బార్లు. నాలుగు నిమిషాలు పట్టదు. ఏ గొంతూ మరీ పైకి ఎక్కదు, మరీ కిందికి దిగదు. విన్నవాళ్లకు సులువుగా తోస్తుంది. పాడేవాళ్లకు దాక్కోవడానికి చోటుండదు. ఆడిషన్లకు దీన్ని ఇష్టపడటానికి కారణం అదే.

ఇది పుట్టిన తీరు మన పిల్లలు తెలుసుకోవాలి. 1791 జూన్‌లో మోజార్ట్ భార్య కాన్‌స్టాన్స్ నిండు చూలాలు. వియన్నా దగ్గర బాడెన్ అనే చిన్న ఊళ్లో వేడినీటి ఊటల వైద్యానికి ఉంది. ఆమెకు అక్కడ బస చూసిపెట్టినవాడు ఆంటోన్ స్టోల్, ఆ ఊరి బడిపంతులు, చర్చి క్వయర్‌ను నడిపేవాడు. ఆయన కోసం, ఆయన చేతికింద ఉన్న ఊరి గాయకుల కోసం, క్రీస్తు దివ్యశరీర పండుగకు మోజార్ట్ దీన్ని రాశాడు. రాతప్రతి మీద తేదీ జూన్ 17. ఆ డిసెంబరు 5న ఆయన పోయాడు. అంటే ఇది రాజాస్థానంలో పాడే ఉద్దండుల కోసం కట్టింది కాదు. చిన్న ఊరి చర్చిలో, వారం పొడుగునా వేరే పనులు చేసుకుని ఆదివారం పాడటానికి వచ్చేవాళ్లకు అందేలా కట్టింది. ఆ రాతప్రతిలో ఎలా పాడాలో చెప్పే సూచన మొదట్లో ఒక్కటే: సొత్తో వోచే, గొంతు తగ్గించి పాడమని. మన పిల్లలు మొట్టమొదట మరిచేది కూడా ఆ ఒక్క సూచననే.

స్వరలిపి కొననక్కర్లేదు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. సీపీడీఎల్, ఐఎంఎస్ఎల్‌పీ అనే సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. నాలుగు వరసలూ ఉన్న ప్రతిని తీసుకోండి. మీ ఒక్క వరసే ఉన్న కాగితంతో నేర్చుకుంటే చెవి అక్కడే మూసుకుపోతుంది.

నోటికి లాటిన్

లాటిన్ మన నేలకు కొత్త కాదు. నెల్లూరు కతోలిక మేత్రాసనం 1928లో ఏర్పడింది. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1960ల్లో, పూజ తెలుగులోకి మారింది. అంతకు ముందు మన ఊళ్లలోనూ పూజ లాటిన్‌లోనే జరిగేది. ఎనభై దాటిన కతోలిక పెద్దలు మీ చుట్టాల్లో ఉంటే వెళ్లి అడగండి. దివ్యసత్ప్రసాద ఆరాధనలో పాడే ‘తంతుమ్ ఎర్గో’ ఇప్పటికీ నోటికి వచ్చినవాళ్లుంటారు. ఆ పలుకుబడి విని రాసుకోండి, చాలావరకు సరిగ్గానే ఉంటుంది.

చర్చి గాయకులు లాటిన్‌ను ఎక్కువగా ఇటలీ పద్ధతిలో పలుకుతారు. తెలుగు పిల్లలకు ఇక్కడ పెద్ద మేలు ఉంది. ఆ, ఏ, ఈ, ఓ, ఊ అనే అయిదు అచ్చులను మనం పుట్టినప్పటి నుంచి శుభ్రంగా, ఒక చోట నిలిపి పలుకుతాం. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న పిల్లలు ‘ఏ’ను ‘ఏయ్’గా, ‘ఓ’ను ‘ఓవ్’గా జార్చేస్తారు. అది మాన్పించడానికి వాళ్ల కండక్టర్లు తలలు పట్టుకుంటారు. త, ద శబ్దాలు కూడా మనకు పళ్లకు నాలుక తగిలించి పలికేవే. లాటిన్‌కు కావలసింది అదే. ‘పస్సుమ్’ లాంటి మాటలో ద్విత్వం మనకు చెప్పకుండానే వస్తుంది.

అయితే మన నోటికి మన చిక్కులూ ఉన్నాయి. మొదటిది, మాట ‘ఎ’తో మొదలైతే ముందు ఒక ‘య’కారం చేరుతుంది. ‘ఎస్తో’ అనే మాట ‘యెస్తో’ అవుతుంది. అలాగే ‘ఓ’కు ముందు ‘వ’కారం చేరి ‘ఓమినే’ అనేది ‘వోమినే’ అవుతుంది. ఇది పలికేవాళ్లకు తెలియదు, రికార్డు చేసుకుని వింటే తెలుస్తుంది. నాలుక కదపకుండా, దవడ ముందే దించి అచ్చు ఎత్తుకోండి. రెండోది, మన మాటలు అచ్చుతో ముగియడం మనకు అలవాటు. ‘కోర్పుస్’ చివర చిన్న ‘ఉ’ తగిలి ‘కోర్పుసు’ అవుతుంది. ఒక్కరు పాడితే ఎవరూ గమనించరు. ఎనిమిదిమంది పాడితే పాట వెనక ఒక అదనపు అక్షరం తోకలా వినిపిస్తుంది. సకారాన్ని ఒక్కసారి, అందరూ కలిసి, పొట్టిగా విడిచిపెట్టాలి. మూడోది, ‘-ఉమ్’తో ముగిసే మాటల్లో పెదవులు త్వరగా మూసేస్తాం. స్వరం నిలిచినంతసేపూ ‘ఊ’ మీదే ఉండి, ఆఖరి క్షణంలో పెదవులు కలపాలి.

ఊనిక విషయం కూడా చూసుకోవాలి. తెలుగులో ఏ అక్షరం మీదా గట్టి ఊనిక ఉండదు కనుక మన లాటిన్ చదునుగా సాగుతుంది. ‘విర్జినే’లో మొదటి అక్షరం మీద, ‘ఎగ్జామినే’లో ‘జా’ మీద కొద్దిగా వాలండి. గట్టిగా కొట్టకండి. ఇంకో సంగతి, కొందరు కండక్టర్లు మోజార్ట్‌ను జర్మన్ పద్ధతి లాటిన్‌లో పాడించుకుంటారు. అప్పుడు ‘క్రూచే’ అనే మాట ‘క్రూత్సే’ అవుతుంది. ఏ పద్ధతి కావాలో ముందే కనుక్కోండి. అలా అడిగిన పిల్ల మీద వాళ్లకు గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అర్థం తెలియకుండా పాడకండి. ఇది కన్య మరియకు పుట్టి, సిలువ మీద బాధపడిన క్రీస్తు శరీరానికి వందనం చెప్పే ప్రార్థన. ఆయన ప్రక్కను పొడిచినప్పుడు కారిన నీటినీ రక్తాన్నీ తలుచుకుని, మరణ పరీక్షలో మాకు ముందుగా ఆ రుచి చూపమని అడుగుతుంది. మీరు కతోలికులు కాకపోవచ్చు. బాప్టిస్టు కుటుంబం కావచ్చు, హిందువో ముస్లిమో కావచ్చు. మీ మతం ఏమిటని పాట అడగదు. వేరొకరికి ఇంత పవిత్రమైన మాటను మీ నోటితో అంటున్నప్పుడు, దానికి తగిన మర్యాద మీ పాటలో ఉండాలి. ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో చెప్పేది కూడా ఆ అర్థమే.

పంచమం నుంచి రెండు మధ్యమాలు

కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లకు, పురుషోత్తమ చౌదరి గారి తెలుగు క్రైస్తవ కీర్తనలు రాగతాళాలతో పాడిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ పాట సగం దూరం ఎదురొస్తుంది. డి మేజర్ అంటే డి స్వరాన్ని షడ్జమం చేసుకున్న శంకరాభరణం స్వరస్థానాలే. సొప్రానో మొదటి ఎత్తుగడ పంచమంతో మొదలై తారషడ్జమం తాకి, గాంధారానికి దిగి, మళ్లీ పంచమానికి వస్తుంది. అక్కడి నుంచి ప్రతి మధ్యమం, వెంటనే శుద్ధ మధ్యమం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ పాటలో మన పిల్లలు తప్పిపోయే మొదటి చోటు ఇదే.

శంకరాభరణంలో ప్రతి మధ్యమం లేదు. అందుకని చెవి దాన్ని ఒప్పుకోదు. పంచమం నుంచి నేరుగా శుద్ధ మధ్యమానికి దూకుతుంది, లేదా మధ్యలోని స్వరాన్ని జారుతూ దాటేస్తుంది. హమీర్ కల్యాణి, బేహాగ్ విన్నవాళ్లకు రెండు మధ్యమాలూ ఒకే రాగంలో ఉండటం తెలుసు. కానీ అక్కడ గమకం వాటిని కలుపుతుంది. ఇక్కడ గమకం లేదు. మూడు స్వరాలు, మూడు వేరు వేరు మెట్లు, ఒక్కో మెట్టు మీద గొంతు కదలకుండా నిలబడాలి. ఇలా సాధన చేయండి: కీబోర్డు మీద ఎ, జి షార్ప్, జి మూడూ విడివిడిగా నొక్కి వినండి. కీబోర్డు వదిలేసి ‘నూ’ అనే అక్షరంతో నెమ్మదిగా పాడండి. మూడో స్వరం మీద ఆగి, అప్పుడు కీ నొక్కి చూసుకోండి. మీ స్వరం కిందికి దిగిపోయి ఉంటే, అడుగులు పెద్దవి వేశారని అర్థం. కిందికి దిగేటప్పుడు చిన్న అడుగు, పైకి ఎక్కేటప్పుడు పెద్ద అడుగు అనుకుని పాడితే శ్రుతి నిలుస్తుంది.

రెండో చిక్కు ఇంతకంటే లోతైనది. మనకు శ్రుతిపెట్టె ఒకసారి మోగడం మొదలైతే కచేరీ అయ్యేదాకా షడ్జమం కదలదు. ఈ పాటలో షడ్జమమే ఇల్లు మారుతుంది. మొదటి భాగం ముగిసేసరికి పంచమం కొత్త షడ్జమమై కూర్చుంటుంది. తర్వాత క్రీస్తు ప్రక్కను పొడిచిన మాటల దగ్గర పాట ఎఫ్ మేజర్ వైపు తిరిగి, అక్కడి నుంచి డి మైనర్ నీడ మీదుగా మళ్లీ ఇంటికి వస్తుంది. తంబురా యాప్ పెట్టుకుని సాధన చేస్తే ఈ భాగం ఎప్పటికీ కుదరదు. మొదటి వాక్యాలకు మాత్రమే తంబురా పెట్టుకోండి. ఆ తర్వాత దాన్ని ఆపి, బాస్ వరసను ఆధారం చేసుకుని మీ వరస పాడండి. ఆ బరువైన మాటల దగ్గర కాళ్ల కింద నేల కదిలినట్టు అనిపిస్తుంది. మోజార్ట్ కోరుకున్నది అదే కనుక ఆ అనుభూతికి భయపడకండి.

మన కీబోర్డు ఆటగాళ్లకు ఒక మనవి. చాలామంది ఒకే శ్రుతి వేళ్లు నేర్చుకుని, మిగిలినవాటికి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతారు. ఇంటి సాధనకు ఎలాగో నడుస్తుంది. ఆడిషన్‌లో పియానో ఉంటే దానికి ఆ మీట ఉండదు. పాటను డి లోనే, అసలు వేళ్లతోనే నేర్చుకోండి.

ఎనిమిదిమంది చాలు

గూడూరు చుట్టుపక్కల నాలుగు గొంతులకూ మనుషులు దొరకరని అనుకుంటారు. వరసకు ఇద్దరు చొప్పున ఎనిమిదిమంది చాలు. అమ్మాయిలంతా సొప్రానో అంటారు. ఎందుకంటే రాగం అక్కడ ఉంటుంది, యూట్యూబ్‌లో వినిపించేది అదే. ఆల్టో, టెనర్ వరసలను విడిగా పాడితే పాటలా అనిపించవు, కదలిక తక్కువ. కానీ మంచి చెవి ఉన్నవాళ్లను ఆల్టోలో పెట్టండి. పక్కన రాగం మోగుతుంటే దాని వెంట పోకుండా నిలబడటం అన్నిటికంటే కష్టం. ఆడిషన్ తీసుకునేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. గట్టిగా నిలబడే ఆల్టో కోసం ఏ క్వయర్ అయినా ఎదురుచూస్తుంది. గొంతు మారుతున్న వయసు అబ్బాయిలను బాస్ పాడమని ఒత్తిడి పెట్టొద్దు. సుఖంగా పలికే స్వరాల మేరకే పాడనివ్వండి, మిగతా చోట మౌనంగా ఉండి వింటారు.

సాధనకు చర్చి హాలు దొరికితే మైకు కనెక్షను తీసేయండి. ఎకోకు అలవాటుపడ్డ గొంతుకు తన అసలు ధ్వని తెలియదు. స్వరం ముగిశాక కూడా మైకు దాన్ని సాగదీస్తుంది కనుక ముగింపులు అలవాటు కావు. ఫ్యాన్లు కూడా ఆపండి, చెమట పట్టినా సరే. వలయంగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడండి. అది కుదిరాక ఒకే వరసవాళ్లు పక్కపక్కన లేకుండా కలిసిపోయి నిలబడండి. సొప్రానోకు ఒక పక్క బాస్, ఇంకో పక్క టెనర్. మొదటి రోజు అంతా చెదిరిపోతుంది. మూడో నాలుగో సాధనకు ప్రతివాళ్లకూ తమ వరస తమ సొంతమవుతుంది.

ఇంకో సాధన ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాట నడుస్తుండగా ఒకరు చప్పట్లు కొడతారు. అందరూ గొంతు ఆపి, పాటను లోపల నడుపుతారు. మళ్లీ చప్పట్లు కొట్టగానే సరిగ్గా ఆ మాట, ఆ స్వరం దగ్గర పైకి రావాలి. ఎనిమిది గొంతులు ఒకేచోట పైకి తేలిన రోజు ఆ పిల్లల ముఖాలు చూడాలి. వినడం అంటే ఏమిటో వాళ్లకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘ఎస్తో నోబిస్’ అనే చోట మొదటిసారి గొంతులు రెండు జట్లుగా విడిపోతాయి. సొప్రానో, ఆల్టో ముందు ఎత్తుకుంటే, టెనర్, బాస్ ఒక బారు తర్వాత అదే మాటతో వెంట వస్తాయి. మన తీరంలో అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్ల దగ్గర రెండు జట్లు ఉంటాయి. అవతలి జట్టు ఎంత లాగిందో చూస్తూ ఇవతలివాళ్లు లాగుతారు, లేకపోతే వల వంకరపోయి చేప జారిపోతుంది. ఇక్కడా అంతే. ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్ల కోసం కొంచెం తగ్గాలి. వెనకవాళ్లు తొందరపడి అందుకోవాలని చూడకూడదు. ఆ తర్వాత ‘మోర్తిస్’ అనే మాట మీద సొప్రానో చాలాసేపు సాగుతుంది. ఊపిరి అక్కడి కోసం దాచుకోవాలి. పెద్ద క్వయర్‌లో ఒకరి తర్వాత ఒకరు దొంగచాటుగా ఊపిరి తీసుకుంటారు. ఇద్దరే ఉన్న వరసలో ఎవరు ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో కాగితం మీద గుర్తుపెట్టుకోండి.

ఆడిషన్ రోజు

ముందురోజే చెన్నై చేరగలిగితే మేలు. లేకపోతే తెల్లవారుజాము బండికి వెళ్లినా, పాడటానికి మూడు గంటల ముందు నిద్ర లేచి ఉండాలి. ఇడ్లీ తినండి, పూరీలు వద్దు. ప్లాట్‌ఫాం మీద గట్టిగా పాడి గొంతు అలవనివ్వకండి, పెదవులు మూసి మెల్లగా కూనిరాగం తీస్తే చాలు.

లోపలికి వెళ్లాక సాధారణంగా ముందు మీ గొంతు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పలుకుతుందో చూస్తారు. తర్వాత పియానో మీద మూడు నాలుగు స్వరాలు వాయించి తిరిగి పాడమంటారు. కొన్నిసార్లు మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కి, మధ్యది పాడమంటారు. ఇంట్లో కీబోర్డు మీద ఇది రోజూ అయిదు నిమిషాలు ఆడుకోండి. కలిసి మోగే ధ్వనిలో మధ్య స్వరం దొరికిన చెవికి ఆల్టో, టెనర్ వరసలు తేలికవుతాయి. మీ పాటకు నలుగురిని నిలబెడితే మిగతా ముగ్గురూ మీకు ముక్కూముఖం తెలియనివాళ్లు కావచ్చు. మొదటి మాటకు ముందు వాళ్ల వైపు చూసి, వాళ్లతో కలిసి ఊపిరి తీసుకోండి. దారి తప్పితే ఆపి క్షమాపణ చెప్పకండి. మౌనంగా రెండు బార్లు విని, బాస్‌ను పట్టుకుని మీ చోటికి రండి. చప్పట్ల సాధన చేసినవాళ్లకు ఇది కొత్త పని కాదు.

చూడని స్వరలిపిని అక్కడికక్కడే పాడమనే పరీక్ష చాలామందిని భయపెడుతుంది. కాగితం చేతికివ్వగానే నోరు తెరవకండి. సాధారణంగా అర నిమిషం చూసుకోనిస్తారు. షడ్జమం ఎక్కడ, మొదటి స్వరం ఏది, చివరి స్వరం ఏది, మధ్యలో పెద్ద దూకుడు ఎక్కడుంది, ఈ నాలుగూ చూడండి. షడ్జమం వినిపించమని అడగండి. స ప స అని మెల్లగా పాడుకుని మొదలుపెట్టండి. మన స రి గ మలు పాడినా, పాత చర్చి క్వయర్లు వాడే డో రె మి పాడినా అభ్యంతరం ఉండదు, స్వరం సరిగ్గా ఉంటే చాలు. స్వరం తప్పినా తాళం తప్పకండి, ఎందుకంటే తాళంలో ఉన్నవాళ్లకు తర్వాతి బారులో తమ చోటు దొరుకుతుంది.

అయ్యాక బయటికి వచ్చేముందు ఒక ప్రశ్న అడగండి: నా గొంతు ఏ వరసకు సరిపోతుందనుకుంటున్నారు? ఫలితం ఎలా ఉన్నా ఆ జవాబు రాసుకోండి. గూడూరులో రైలు దిగగానే ఆ వరస కాగితం తీసి, మిగిలిన ఏడుగురినీ పిలవండి.